నేనూ తాతయ్యా దాక్కున్న ఎండాకాలం

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం చాలా రోజులు నేను వీధి గుమ్మం దాటలేదు. ఎండకి భయపడి కాదు... నా గుండు చూసుకుని.

తలనిండా సెగ్గడ్డలు లేచాయి. "అన్నవరంలో తలనీలాలు ఇప్పించేద్దాం. మొక్కూ తీరుతుంది, పిల్లకి తలా చల్లబడుతుంది" అంది నానమ్మ. నాలుగో క్లాసు ఆడపిల్లని... కొండ దిగేసరికి బోడిగుండుతో, దాని మీద గంధంతో ఉన్నాను. ఇంటికొచ్చాక పిన్ని పిల్లలు పడీ పడీ నవ్వారు. అంతే... నానమ్మ తువ్వాలు నెత్తికి చుట్టుకుని మధ్య గదిలోకి వెళ్ళిపోయాను.

మాది భీమవరం దగ్గర పల్లె. పెంకుటిల్లు. మధ్య గదికి ఒకటే చిన్న కిటికీ. దానికి వట్టివేళ్ళ తడిక కట్టి, నానమ్మ మాటిమాటికీ నీళ్ళు చిలకరించేది. ఆ వాసన... ఆ చీకటి... గచ్చుకి చెంప ఆనించి పడుకుంటే ఒళ్ళంతా చల్లబడేది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఊళ్ళో చప్పుడే ఉండేది కాదు. కాకి కూడా అరిచేది కాదు.

కొన్నాళ్ళకి ఆ గదిలోకి ఇంకో మనిషి వచ్చి చేరాడు... మా తాతయ్య.

తాతయ్య తెల్ల పంచె కట్టుకుని వీధిలో నడిచొస్తుంటే అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. అలాంటి మనిషి, వద్దంటున్నా వినకుండా ఎండలో పొలం వెళ్ళి, తిరిగొస్తూ పాలకేంద్రం ముందు వడదెబ్బకి పడిపోయాడు. నలుగురూ మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. తెలివి రాగానే ముందు పంచె తడుముకున్నాడు... తడిసి ఉంది. అంతమంది ముందు.

ఒకరిద్దరు చూపు పక్కకి తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడమే ఆయన చూసేశాడు...

ఇక మధ్య గదే. నులక మంచం మీద తాతయ్య, కింద గచ్చు మీద నేను. పలకరించడానికి ఎవరొచ్చినా "నిద్రపోతున్నానని చెప్పు" అనేవాడు. నన్నెవరైనా ఆటకి పిలిచినా నాదీ అదే జవాబు. మాలో మాకు కూడా పెద్దగా మాటలుండేవి కావు. నా తువ్వాలు గురించి ఆయన అడగలేదు, ఆయన పంచె గురించి నేను అడగలేదు. ఎంత హాయిగా ఉండేదో ఆ ఊరుకోవడం...

నానమ్మ మరచెంబుతో మజ్జిగ, కూజాలో నీళ్ళు పెట్టి వెళ్ళేది. ఆవిడ అటు తిరగ్గానే తాతయ్య లేచి, మూలనున్న నీళ్ళ తూములో ఒంపేసేవాడు. ఒకరోజు నేను చూశానని తెలిసి పెదాల మీద వేలు పెట్టాడు. తలూపాను. దాక్కున్నవాళ్ళం కదా... ఇద్దరం ఒక జట్టే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నన్ను చూసి "సుబ్బులూ" అని పిలిచాడు. సుబ్బులు ఆయన చెల్లెలు... ఎప్పుడో పోయింది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నాలుక పిడచకట్టి మాట సరిగ్గా రావట్లేదు. నాకు భయమేసింది.

"తాతయ్యా, నేనే... నీళ్ళెందుకు తాగట్లేదు నువ్వు?"

కళ్ళు మూసుకుని అన్నాడు. "మళ్ళీ తడుస్తుందేమోనని, అమ్మడూ..."

అంత పెద్దమనిషి గొంతు అంత చిన్నదైపోవడం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే వీధిలో కేక... "ముంజలూ... లేత ముంజలూ..." తాతయ్యకి ముంజలంటే ప్రాణం. కళ్ళు తెరిచాడు.

నేను లేచి పరిగెత్తాను... గుమ్మం దగ్గర ఆగిపోయాను. అరుగు మీద పిన్ని పిల్లలు అష్టాచెమ్మా ఆడుతున్నారు. ముంజలతని సైకిలు వీధి మలుపు దాకా వెళ్ళిపోయింది. నెత్తి మీద తువ్వాలు జారిపోతోంది. అది పట్టుకుంటూ పరిగెడితే అందుకోలేను. తీసి అక్కడే పడేసి పరుగు తీశాను.

ఎండకి గుండు చుర్రుమంది. వెనకనుంచి నవ్వులు. ముంజలతను కూడా నా తలకేసే చూశాడు. చెవులు కాలిపోయాయి. "మా తాతయ్యకండీ..." అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. ఇంకేమీ అడక్కుండా తాటాకులో చుట్టిచ్చాడు.

నేను గదిలోకి రాగానే తాతయ్య నా బోడితల కేసి చూశాడు.

"నవ్వారా?"

"నవ్వారు."

"మరి?"

"ఏముంది... ముంజలు దొరికాయి."

ఒలిచి ఇస్తుంటే ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు గడ్డం మీదుగా కారాయి... కళ్ళలోంచి కూడాననుకుంటా.

తలెత్తితే గుమ్మంలో నానమ్మ. ఎప్పట్నుంచి నిలబడిందో... తడిగా ఉన్న తూము చూసింది, ఖాళీ మరచెంబు చూసింది. తిడుతుందనుకున్నాను. వెళ్ళి దండెం మీది పంచె తెచ్చి మంచం పట్టె మీద వేసి, గ్లాసుతో మజ్జిగ అందించింది.

"తడిస్తే తడుస్తుంది, ఆరేస్తాను. బయట ఇంత ఎండ కాస్తోంది, చిటికెలో ఆరిపోతుంది. ముందు తాగండి."

తాగాడు. ఆ తర్వాత పంచె ఒకటి రెండుసార్లు తడిసింది కూడా. నానమ్మ మార్చింది, ఆరేసింది... ఆ మాటే ఎత్తలేదు.

ఎండలు కాస్త తగ్గాక ఒక సాయంత్రం మేమిద్దరం అరుగు మీదికొచ్చి కూర్చున్నాం. దారిన పోయే ఒకాయన ఆగి "ఏంటండీ, ఆ రోజు పడిపోయారంట?" అని పలకరించాడు.

"పడ్డానండి. పంచె కూడా తడుపుకున్నాను" అన్నాడు తాతయ్య. గొంతు గట్టిగానే ఉంది... కానీ నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నాడు.

ఆ వచ్చినాయన చెప్పులు విడుస్తూ, "మా నాన్నగారికీ అంతేనండి..." అన్నాడు మెల్లగా. వచ్చి పక్కన కూర్చున్నాడు.

సిగ్గు పోయిందని చెప్పను. నాకు జుట్టు పెరిగేదాకా పోలేదు. తాతయ్యకి ఎప్పటికైనా పోయిందో లేదో కూడా తెలీదు...

ఈ వారం ఎండలకి మా ఇంట్లో ఎవరి ఏసీ గదిలో వాళ్ళం. చల్లదనం బయటికి పోకూడదని తలుపులు గట్టిగా వేసుకుంటున్నాం. అవతలి గదిలో మనిషి నిద్రపోతున్నాడో, ముఖం చూపించలేక కూర్చున్నాడో... తెలిసే దారి లేదు.

మీ ఇంట్లో, ఆ మండే మధ్యాహ్నాల్లో, మీరు ఎవరి పక్కన పడుకునేవారండీ?