సారు చీటీలు, నా అనుమానం

మందమర్రి క్వార్టర్లలో మా పక్కింటి లెక్కల సారు పోయారని మొన్న పొద్దున కబురొచ్చింది. నేను నమ్మలేదు. ఏదైనా ఒక్కసారికి నమ్మే అలవాటు నాకు లేదు.

గనిలో హాజరు రాసేవాణ్ణి. ఒకడి బదులు ఇంకొకడు డ్యూటీకి దిగుతున్నాడేమో కనిపెట్టడమే పని. ఆ బుద్ధి నాతోపాటు ఇంటికీ వచ్చేది. సాయంత్రాలు సారు దగ్గరికి పిల్లలు మడిచిన చీటీలు తెచ్చేవారు. ఆయన చూసి కొన్నిటిని పొయ్యిలో వేసేవారు. ఒకటి గాలికి మా వాకిట్లో పడింది. ‘ఆరు: 5, 1. 3, 3. బేసి’ అని ఉంది. అడవిలోకి పోయినవాళ్ళ కోసం పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తున్న రోజులవి. ఆరుగురిలో ఐదుగురు ఒకచోట, ఒకడు ఇంకోచోట దాక్కున్నారని నా తెలివికి తోచింది. తెలిసిన పోలీసుకు చెప్పేశాను.

సారును పట్టుకుపోయారు. రెండు రోజులకు వాచిన చెంపతో తిరిగొచ్చారు. మర్నాడే దోసెడు చింతగింజలతో మా ఇంటికొచ్చారు.

“ఆరు గింజలు. అన్నీ బేసి కుప్పలే వెట్టు, ఒకటో మూడో ఐదో. ఎన్ని తీర్లు?”

నాలుగు తేలాయి. చీటీలోని ఐదూ ఒకటీ, మూడూ మూడూ వాటిలో రెండు.

“గిప్పుడు సరి, బేసి ఫికర్ లేదు. ఏ రెండు కుప్పలు సమానం కావొద్దు.”

మళ్ళీ నాలుగే! “ఏదో మతలబు ఉన్నది సారూ” అన్నాను.

“ఉన్నది. నమ్మకు, లెక్కవెట్టి చూడు.”

ఏడు గింజలకు రెండు విధాలా ఐదేసి తీర్లు. ఎనిమిదికి ఆరేసి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి పిల్లల చీటీలు నా చేతే సరిచూపించేవారు. తప్పులున్నవే పొయ్యిలోకి పోయేవి. “నీ అంత అనుమానం మా బడిల ఎవలకు లేదు” అనేవారు. ఆ మాట మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియక నలిగిపోయేవాణ్ణి. ఒకసారి పన్నెండు దగ్గర ఆయనే ఒక తీరు వదిలేశారు. నేను పట్టుకుంటే ఇంటావిడను పిలిచి మరీ చెప్పి మురిసిపోయారు. నేను చేసింది చెప్పేద్దామని ఎన్నిసార్లు గడప దాకా వెళ్ళానో! మాట్లాడడం మానేస్తారని భయం.

నిన్న సారు ఇంటికెళ్ళి ఇంటావిడ ముందు కూర్చున్నాను. “అక్కా, ఆనాడు పోలీసులకు…” అన్నాను.

“ఎరుకే తమ్మీ. ఠాణాల నీ పేరు చెప్పిండ్రట. ఇంటికి రాంగనే ‘పక్కింటాయన చీటీ జూసి బుగులువడ్డడు పాపం, రేపు పోయి లెక్క నేర్పొస్త’ అన్నడు.”

చాయ గ్లాసు నా ముందు పెట్టింది. “తాగు, చల్లగైతది.”

చాయ మీద మీగడ కట్టింది.