ఎడమచేతి ముద్ద

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మా నాన్న ఎడమచేత్తో అన్నం తిన్నాడు. ఇప్పటివాళ్ళకు అందులో వింతేమీ కనబడదు. కానీ అప్పట్లో, మా నెల్లిమర్ల బజారువీధిలో కిరాణా కొట్టు నడుపుకునే మాలాంటి ఇంట్లో, అది ఎంత కూడని పనంటే, మా అమ్మ గబగబా వెళ్ళి వీధితలుపు దగ్గరగా వేసేసింది. ఎవరి కంటనైనా పడుతుందేమోనని ఆవిడ భయం.

దానికి కొన్ని నెలల ముందు మా నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. మాట ముద్దగా వచ్చేది, దగ్గర కూర్చుని వింటే తప్ప అర్థమయ్యేది కాదు. అంతవరకూ ఆవిడ ఇంటికే కాదు, కొట్టుకు కూడా పెద్ద. పొద్దున్న జూట్ మిల్లు కూత వినబడేసరికి కొట్టు ముందు కళ్ళాపి జల్లించి ఉండేది. వచ్చిన సరుకును తన చేత్తో తడిమి చూసి సరేనంటే గానీ బస్తా కిందికి దిగేది కాదు. అలాంటి మనిషి నులకమంచం మీద పడుకుని, దూలాల వంక చూస్తూ, ఎవరు లేపుతారా అని ఎదురుచూడాల్సి వచ్చింది.

లేపేది మా అమ్మ. అమ్మ సన్నగా, పొట్టిగా ఉండేది. నాయనమ్మ భారీ మనిషి. ఆవిడ చంకల కింద చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లాగేది. ముఖం కడగడం, జడ వేయడం, రవిక తొడగడం, అన్నం కలిపి నోట్లో పెట్టడం, పెరట్లోకి నడిపించడం, అన్నీ అమ్మే. అన్నీ అయ్యాక వంటింటి గోడకు వీపు ఆన్చి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేది. అలా ఎందుకు నిలబడుతుందో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. చూడడానికి వచ్చిన వాళ్ళందరూ నాయనమ్మ మంచం పక్కన కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "కోడలు బాగానే సూస్తన్నాది" అని వెళ్ళిపోయేవారు.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసేది. కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళకు మళ్ళీ బట్ట కట్టుకోవడం, లేచి కూర్చోవడం, అన్నం తినడం నేర్పించే విభాగం అది. ఇప్పుడు దాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటున్నారు. అప్పుడు మా వీధిలో ఎవరైనా అడిగితే, విడమరిచి చెప్పలేక, "నర్సు పనే" అనేసేది అమ్మ. ఆ వేసవిలో పిన్ని సెలవు పెట్టి మా ఇంటికి వచ్చింది.

వచ్చిన రోజు ఒక మూల నిలబడి, అమ్మ నాయనమ్మను లేపడం చూసింది.  తర్వాత వంటింట్లోకి అక్క దగ్గరకు వచ్చి, "అప్పా, ఇలాగ తిరుగు. నడుం ఎక్కడ నొప్పెడతన్నాది?" అని అడిగింది.

అమ్మకు కోపం వచ్చింది. "జబ్బు ఆవిడకా, నాకా?"

"ఇవాళ ఆవిడకి. రేపు నువ్వు పడిపోతే ఆవిడ్ని ఎవరు సూస్తారు, నిన్నెవరు సూస్తారు? సెప్పు."

 అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. ఏడుస్తోందని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

మర్నాటి నుంచి పిన్ని ఇంటిని మార్చడం మొదలుపెట్టింది. నులకమంచం కిందికి దిగిపోయి ఉందని దాన్ని తీయించి, చెక్కమంచం వేయించి, మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టించింది. అప్పుడు అమ్మ వంగాల్సిన పని తగ్గింది, నాయనమ్మ కాళ్ళు నేలకు ఆనించి కూర్చోగలిగింది. కొట్టులో ఉన్న కొత్త గోనెపట్టాతో దర్జీ చేత వెడల్పాటి పట్టీ ఒకటి కుట్టించింది, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులతో. దాన్ని నాయనమ్మ నడుముకు కట్టి, చంకలు లాగకుండా ఆ పిడులు పట్టుకుని లేపమంది. వడ్రంగిని పిలిచి పాత కుర్చీకి మధ్యలో కన్నం కోయించి, దొడ్డికి కూర్చోవడానికి పెరట్లో వేయించింది. రవిక తొడిగేటప్పుడు పడిపోయిన చేతిని ముందు దూర్చాలనీ, లేచేముందు పాదాలు వెనక్కి లాక్కుని ముందుకు వంగాలనీ నాయనమ్మకే నేర్పింది. నాయనమ్మ చిన్నపిల్లలా శ్రద్ధగా వినేది. ఆవిడకు ఒకరి చేతుల మీద బతకడం ఎంత కష్టంగా ఉండేదో ఆ శ్రద్ధ చూస్తే తెలిసేది.

ఒక్క విషయంలోనే మొండికేసింది. "ఎడంసేత్తో మెతుకు ముట్టను. సచ్చిపోతాను గానీ ముట్టను" అంది. చెంచా ఇచ్చినా విసిరేసింది. అమ్మ కూడా పిన్నితో, "పోన్లేవే, నాను ఎడతాను కదా" అంది.

ఆ మధ్యాహ్నం నాన్న కొట్టు కట్టేసి భోజనానికి వచ్చాడు. పిన్ని ఆయన పీట తీసుకెళ్ళి నాయనమ్మ మంచానికి ఎదురుగా వేసింది. "బావా, నీ కండువా ఒకసారి ఇలాగియ్యి" అని, దానితోనే ఆయన కుడిచెయ్యి ఒంటికి చుట్టి కట్టేసింది. ఎడమచెయ్యి కదపొద్దంది. మరదలి వేళాకోళం అనుకుని నాన్న నవ్వుతూ కూర్చున్నాడు. "అప్పా, అత్తకి ఎట్టినట్టే బావకి కూడా ఎట్టు" అంది పిన్ని.

అమ్మ అలవాటు ప్రకారమే పెట్టింది. ఒక ముద్ద మింగకముందే రెండో ముద్ద నోటి దగ్గర ఉంచింది. ఆయన పప్పు కావాలనుకునేసరికి చారు కలిపేసింది. అడక్కుండానే నీళ్ళ గ్లాసు పెదాలకు ఆన్చింది. గడ్డం మీద మెతుకు పడితే చెంగుతో తుడిచింది. పనిలో పనిగా నాతో మాట్లాడుతూ, ఆయన వంక చూడకుండానే ఇంకో ముద్ద పెట్టింది. నాన్న ముఖంలో నవ్వు పోయింది. కాసేపు ఓర్చుకుని, తల పక్కకు తిప్పేసి, "నన్ను నమలనీవా ఏటి? నాకు నోరు నేదా?" అని కసిరాడు.

అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. మంచం మీంచి నాయనమ్మ, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ అంది: "నాకు... రోజూ... అదేరా."

 పిన్ని కట్టు విప్పబోతే నాన్న వద్దన్నాడు. ఎడమచెయ్యి చాపి కంచం దగ్గరకు లాక్కున్నాడు. అప్పుడే అమ్మ వెళ్ళి తలుపు వేసింది. ఆయనకు ముద్ద కుదరలేదు. సగం చొక్కా మీద పడింది. అమ్మ తుడవబోతే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అలాగే కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. నాయనమ్మ ఆ తినడం రెప్ప వేయకుండా చూసి, "ఆ పల్లెం ఇలాగ ఎట్టండి" అంది. పిన్ని పళ్ళెం కింద తడిగుడ్డ వేసింది, జారకుండా. కొడుకు ఎదురుగా తల్లి మొదటి ముద్ద ఎడమచేత్తో నోటికి అందించుకుంది.

తర్వాత వచ్చిన రోజులు మా ఇంట్లో మంచి రోజులు. పిన్ని సెలవు అయిపోయి వెళ్ళిపోయినా, చెప్పినవన్నీ సాగాయి. నాయనమ్మ తన ముఖం తాను కడుక్కునేది. నడుముకు పట్టీ కట్టించుకుని వీధి వసారాలోకి వచ్చి కూర్చునేది. చాటలో కందిపప్పు పోయించుకుని, పడిపోయిన చేతిని చాట అంచు మీద బరువుగా పెట్టి, ఎడమచేత్తో మట్టిబెడ్డలు ఏరేది. సరుకు బాగా లేకపోతే నాన్నను తిట్టేది. ఆ ముద్దమాటల తిట్లకు నాన్న ఎంత సంతోషించేవాడో. అమ్మ మధ్యాహ్నం పూట నడుం వాల్చడం నేను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే.

అలా ఉండగా మా పెద్దత్త, నాన్నకు అక్క, నౌపడ నుంచి వచ్చింది. వాళ్ళాయనది ఉప్పు వ్యాపారం. జబ్బు చేసిన కొత్తలో వచ్చి చూసి వెళ్ళాక మళ్ళీ అదే రావడం. వీధి మలుపు తిరిగేసరికి వసారాలో తల్లి కనబడింది, నడుముకు గోనెపట్టీతో, ఒళ్ళో చాటతో. సామాను దారిలోనే పడేసి ఏడుస్తూ వచ్చింది.

"మా అమ్మకి గొడ్డుకి కట్టినట్టు గోనె కట్టినారు. మంచాన పడ్డ మనిషి సేత పప్పు ఏరిస్తన్నారు" అంటూ చాట లాగి పడేసింది. పప్పంతా వీధి దాకా చెదిరింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. అంతలో ఎవరో ఎడమచేతి భోజనం సంగతి కూడా ఆవిడ చెవిన వేశారు. తలుపు మూసినా అది దాగలేదన్నమాట. "ముద్ద కలిపి ఎట్టే దిక్కు నేకపోనాదా మా అమ్మకి? సూడలేకపోతే సెప్పండి, నాను తీసుకుపోతాను" అంది అత్త.

నాయనమ్మ కూతురి చెయ్యి పట్టుకుని లాగుతూ, "నానే... సేస్తన్నానే... నాకు బాగున్నాది" అనడానికి ప్రయత్నించింది. ఏడుపులో, కేకల్లో ఆ మాట అత్తకు తప్ప ఎవరికీ అందలేదు. అందిన అత్తేమో, "నువ్వూరుకో అమ్మా, నీకేటి తెలుస్తాది" అంది.

అప్పుడు అమ్మ నాన్న వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఆయన ఒక్క మాట అంటే చాలు. తన చెయ్యి కట్టించుకున్న మనిషి, తల్లి ఎదుట ఎడమచేత్తో తిన్న మనిషి, అక్కకు ఆ సంగతి చెబితే చాలు. నాన్న కిందికి వంగి, చెదిరిన పప్పును రెండు చేతులతో చాటలోకి ఎత్తుతూ ఉండిపోయాడు.

అత్త కొన్నాళ్ళుండి, తల్లిని తీసుకెళ్ళకుండానే వెళ్ళిపోయింది. గోనెపట్టీని అమ్మ స్వయంగా పొయ్యిలో పెట్టేసింది. ఆ తర్వాత నాయనమ్మను వసారాలోకి తీసుకురాలేదు, చేతికి పళ్ళెం ఇవ్వలేదు. మళ్ళీ చంకల కింద చేతులు, మళ్ళీ ఒక్క ఊపున లాగడం. నాయనమ్మ కొన్ని రోజులు ఎడమచెయ్యి చాపి అడిగింది. తర్వాత అడగడం మానేసింది. తర్వాత ఆ చెయ్యి కూడా బిగుసుకుపోయింది. వీపు మీద పుళ్ళు పడ్డాయి. మరుసటి ఏడు వానలు మొదలయ్యేలోపు పోయింది.

దినవారాలకు వచ్చిన వాళ్ళందరూ అమ్మను మెచ్చుకున్నారు. కోడలంటే ఇలాగుండాలన్నారు. పెద్దత్త అందరి ముందూ అమ్మను కౌగలించుకుని ఏడ్చింది. అమ్మ అప్పటికే ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. పిన్ని ఆ నడక చూసి ఏదో అనబోతే, "ఇంక నువ్వు మాటాడకు" అంది అమ్మ. అక్కాచెల్లెళ్ళ మధ్య మునుపటి మాటలు మళ్ళీ లేవు.

అమ్మ పెద్దదయ్యాక విజయనగరంలో కూతురినైన నా ఇంట్లోనే ఉంది. ఒకరోజు జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చాక ఆక్యుపేషనల్ థెరపీ చదువుకున్న ఒక అమ్మాయి వచ్చి, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించి, మంచం ఎత్తు సరిచేయించి, ఎలా లేవాలో అమ్మకూ ఎలా సాయం పట్టాలో నాకూ నేర్పింది. నాకు పిన్నే మళ్ళీ వచ్చినట్టు అనిపించింది. అమ్మ చేతులకు ఏ లోపమూ లేదు. అయినా ఆవిడ కంచం ముట్టుకోలేదు. లేవడానికి ప్రయత్నించలేదు.

"మీ నాయనమ్మకి నాను సేసినాను. వీధి వీధంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు నా వంతు వస్తే, నీది నువ్వే తినమని కంచం ముందరెడతావా?" అంది నాతో.

 ఆవిడ నడుము విరగ్గొట్టుకుని సంపాదించింది ఆ మెప్పు ఒక్కటే. తన చేత్తో తాను తింటే, నాయనమ్మ చేతిని అన్యాయంగా మూలన పెట్టేశామని ఒప్పుకున్నట్టే అవుతుంది. ఆ మాట ఒప్పుకుని బతకడం ఆవిడ వల్ల కాదు. అందుకని పోయేదాకా నేనే నోట్లో పెట్టాను. ప్రేమతో పెట్టానని చెప్పను. చాలా రోజులు కోపంతోనే పెట్టాను.

ఇప్పుడు నా కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు సగం నింపితే గానీ పట్టుకోలేను. కోడలు మంచిది. ఆ థెరపీ అమ్మాయి దగ్గరే అన్నీ అడిగి తెలుసుకుంది. నేను కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తాను, నా బట్టలు నేను మడతపెట్టుకుంటాను. నేను ఒలికించిన అన్నం గురించి ఆ పిల్ల ఒక్కసారైనా ముఖం చిట్లించలేదు. మొన్న మా ఆడపడుచు వచ్చి, "ఇంత వణుకుతంటే పని సెప్తన్నాదా నీకు?" అంది, వంటింట్లోకి వినబడేలాగ. "నానే సేస్తన్నాను, నా సెయ్యి నాకుండనీ" అన్నాను. నాకు ఇంకా మాట ఉంది కాబట్టి అనగలిగాను.

రేపు ఆ మాట కూడా పడిపోవచ్చు. అందుకని ఆడపడుచు వెళ్ళాక మా అబ్బాయిని కూర్చోబెట్టి, ఈ కథంతా చెప్పాను. జబ్బు మనిషికి ఎలా సాయం చేయాలో నేర్పేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు, ఆ లోటు లేదు. చేసేవాళ్ళ మీద నలుగురూ పడినప్పుడు ఇంట్లోంచి ఒకడు నోరు తెరవాలి, అది నీ పని, నీ పెళ్ళాం మీదికి తొయ్యకు అన్నాను. వాడు టీవీ వంక చూస్తూ, "సరేలే అమ్మా, అంత దూరం ఎందుకు" అన్నాడు.

మంచివాడే. మా నాన్న కూడా మంచివాడే.