బొంతల సెట్టింగు

కిరందుల్ రైల్వే క్వార్టర్లలో ఎవరింటికి వెళ్లినా జయరావు ముందు చప్పట్లు కొట్టి, గోడలకు చెవి ఒగ్గి, "ఏటిది, గది మోగిపోతంది!" అని మూతి విరుస్తాడు. చర్చిలో స్పీకర్లు అమర్చే పెద్దరికం తనకే దక్కాలని ఆయన ఆశ. అందుకే సంఘపెద్దను ఇంటికి పిలిచి, పాటకు అడ్డమని బొంతలతో సహా సామానంతా పెరట్లో పెట్టించి, బోసి గదిలో స్పీకర్లను మూలకు నెట్టి పాట పెట్టాడు. ఖాళీ బిందెలో ఎవరో అరిచినట్టుంది. "కంపెనీవోడు మోసం సేసేడు!" అన్నాడు. అంతలో వాన మొదలైతే, భార్య హెప్సిబా బొంతలు లోపలికి తెచ్చి ఆ గదిలోని దండెం నిండా వేసింది. గోల అణిగి పాట తేటపడింది.

"సూసేరా నా సెట్టింగు!" అన్నాడు జయరావు.

పెద్దాయన బొంతలకేసి చూశాడు. "హెప్సిబమ్మా, ఆదివారం ఇవే చర్చికి అంపు. మీ ఆయన మోసుకొస్తాడ్లే."

ఆదివారం చర్చిలో అడుగుపెట్టిన జయరావుకు చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు.