బడి కిటికీకి వెదురు బద్దలు

అరకులోయ బడిలో పంతులమ్మగా చేరిన మొదటి వానాకాలం నేను పాఠాలు చెప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గది ఒక్కటే, కిటికీ ఒక్కటే. కిటికీ తలుపు తెరిస్తే జల్లు పలకల మీద పడుతుంది. మూస్తే పిల్లల ముఖాలే కనిపించవు, ఇక అక్షరాలేం కనిపిస్తాయి? ఆషాఢంలో ఇళ్ళకు పోయిన పిల్లలు దసరాకు గానీ రాలేదు. వచ్చినవాళ్ళు కూడా నేర్చుకున్నదంతా వానలో కడిగేసుకుని వచ్చారు.

కొండ కింద కూర్చున్న మా అధికారి ఉత్తరం రాశాడు. వచ్చే వానల్లోనూ ఇదే తంతు అయితే బడి ఎత్తివేసి నన్ను మైదానానికి బదిలీ చేస్తారట. మద్రాసులో బి.ఏ. చదివింది అలాంటి ఉత్తరాలు చూసి కన్నీళ్ళు పెట్టుకోడానికి కాదు గనుక, విశాఖపట్నం నుంచి మూడు అద్దపు పలకలు తెప్పించాను. శృంగవరపుకోట దాకా బండిలో, అక్కణ్ణించి వరిగడ్డిలో చుట్టుకుని కావిడిలో కొండ ఘాటు దారి ఎక్కి వచ్చాయి. కిటికీకి ఒకటి చాలు, మిగతా రెండూ ముందుజాగ్రత్త.

ఇంకో చిక్కు ఉంది. వైశాఖంలో అక్కడ నిమ్మకాయలంత వడగళ్ళు పడతాయి. మబ్బు కమ్మగానే అద్దం ఊడదీసి లోపల దాచాలి, వెలిశాక మళ్ళీ పెట్టాలి. అంటే గాలికి కదలకూడదు, చేతికి మాత్రం ఇట్టే రావాలి.

సంతకు వచ్చి దుకాణాలకు తలుపులు చేసే మైదానపు వడ్రంగి ఒకడు దొరికాడు. చుట్టూ మరమేకులు పెట్టి బిగించాడు.

“ఇంక చాలు” అన్నాను.

“మీకు తెల్దమ్మా. బిగువుంటేనే పట్టు. ఏనుగొచ్చి లాగినా రాదు, సూడండి.”

ఏనుగు రానక్కర్లేకపోయింది. ఇంకో అర చుట్టు తిప్పాడు, చిటుక్కుమంది. మూల నుంచి మూలకు గీత.

“అద్దం మంచిది కాదండమ్మా” అన్నాడు, నా మొహం చూడకుండా.

“అవునయ్యా. నీ చెయ్యి మంచిది, నా కళ్ళు మంచివి, అద్దమొక్కటే దుర్మార్గురాలు!”

రెండోది నేనే పగలగొట్టాను. ఆ మాట పైకి ఒప్పుకోడానికి ఏడాది పట్టింది. మేకు ఒకే చోట నొక్కడం వల్ల కదా పగిలింది, నొక్కుడు నాలుగు వైపులా సమానంగా పంచితే సరి అనుకున్నాను. అంచుల వెంట చెక్క పట్టీలు వెంట్రుకంత సందు లేకుండా నేనే దగ్గరుండి దిగ్గొట్టించాను. రెండు రోజులు విడవకుండా మంచు, తుంపర. మూడో రోజు పొద్దున్న చూస్తే ఎవరూ ముట్టుకోకుండానే అద్దం రెండు ముక్కలు. తడికి కొయ్య ఉబ్బుతుందని నేను చదివిన పుస్తకంలో ఉంది. నా తలలోనే లేదు.

మా బడిలో చదివే ఒక పిల్ల తల్లి రోజూ నాకు కట్టెలు తెచ్చేది. కొండ మనిషి. ఆ పూట అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, ముక్కలు ఏరుకుంటున్న నన్ను చూసింది.

“ఏటమ్మా, దాని పీక నొక్కేసినావు!”

“గట్టిగా పట్టుకోవద్దూ మరి?”

“పట్టుకోడం ఏరు, పీక నొక్కడం ఏరు. మా కోళ్ళగంప మూత సూసినావేటి? పిల్లి ఎంత పీకినా రాదు. మా గుంట, నీ కాడ సదివే పిల్లే, వెదురుబద్ద కింద ఏలెట్టి లాగితే వొచ్చేత్తాది.”

“అది గంప. ఇది గాజు.”

“గంపకి సదువు లేదు గావాల” అంది.

నాకు మండింది. గాజు జారుతుందనీ, వెదురు గాలికి ఆగదనీ అరగంట వాదించాను. అంతా విని, “అయిపోనాదా?” అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు బొటనవేలంత వెడల్పున్న నాలుగు వెదురు బద్దలు తెచ్చింది. బడి వెనక పచ్చి పొద ఉండగా ఈ మసి పట్టినవి ఎందుకన్నాను.

“పచ్చిది సెప్పినట్టు వొంగుతాది, మర్నాటికి బిగువు సచ్చిపోతాది. పొయ్యి మీది అటకలో ఏడాది పొగ తిన్నదే కావాల.”

చట్రం లోపలి అంచు మీద మిగిలిన మూడో అద్దాన్ని ఊరికే ఆనించింది, చుట్టూ గోరంత ఖాళీ వదిలి. ఒక్కో మూలకు ఒక్కో బద్ద విల్లులా వంచి, దాని రెండు కొసలు చట్రంలో కోసిన గాట్లలో దూర్చింది. బద్ద నిటారు కావాలని చూస్తూ గాట్లను తన్నిపట్టుకుంది. దాని పొట్ట, మధ్యలో గుడ్డపేలికతో, అద్దాన్ని ఆనీ ఆననట్టు తాకింది. అంతే. నేను బయటి నుంచి అరచేత్తో తోశాను. కాస్త వెనక్కి పోయి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంకోసారి తోసి చూసి, వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

పది రోజులు తిరక్కుండా వడగళ్ళు దిగాయి. పిల్లలు నలుగురు నాలుగు మూలలా బద్దల కింద వేళ్ళు పెట్టి లాగేశారు. మొదటి గడ్డ పడేసరికి అద్దం లోపల వరిగడ్డిలో ఉంది. వెలిశాక వాళ్ళే పెట్టేశారు. ఆషాఢమంతా గాలి కిటికీని కొట్టింది. మేం లోపల వెలుగులో ఎక్కాలు అప్పజెప్పుకున్నాం.

శ్రావణంలో అధికారి గుర్రం మీద తడిసి ముద్దై వచ్చాడు. గదినిండా పిల్లలు ఉన్నారు. ఆయన పిల్లల్ని చూడలేదు, తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి చేతికర్రతో అద్దాన్ని పొడిచాడు.

“ఇదేమిటమ్మా, ఊగుతోంది!”

“ఊగనివ్వండి. ఊగకుండా బిగించినవి రెండు పెరట్లో ఉన్నాయి, చూస్తారా?”

గుమ్మంలో కట్టెలు దించుతున్న ఆ పిల్ల తల్లి, “లాగి సూడండి బాబూ” అంది. ఆయన బద్దల జోలికి పోకుండా అద్దం అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు.

చివరికి కిటికీ పక్కనే కూర్చుని, దీపం అడక్కుండా, తనిఖీ పుస్తకంలో రాశాడు: “వర్షాకాలమందును పాఠములు జరుగుచున్నవి. బడి కొనసాగవచ్చును.” దాని కింద ఇంకో వాక్యం: “కిటికీ అద్దమునకు మరమేకులు బిగించవలెను.”

ఆ రెండో వాక్యం మీద నాలుక దురద పెట్టింది. నోరు తెరిచాను కూడా. ఆయన చేతిలో కలం ఇంకా ఉంది. తిక్కరేగి మొదటిది కొట్టేస్తాడేమోనని, సిరా ఆరకముందే పుస్తకం లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేశాను.