ఎడమ అద్దం తొడుగు

నా కొడుకు పోయాడన్న మాట నాకు బెండకాయలు కోస్తుండగా తెలిసింది. షెడ్డులో వాడితో కలిసి పనిచేసే నిర్మల్ ఊరి అతను ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, కూసున్నవా, నిలబడ్డవా?" అన్నాడు. "నిలబడ్డ. చెప్పు" అన్నాను. "కూసో" అన్నాడు. ఆ మాటతోనే నాకు అర్థమైపోయింది. ఎండకు పని ఆపే వేళలో అన్నం తిని అట్లా ఒరిగాడట. మూడు గంటలకు లేపితే లేవలేదట. గుండె ఆగిందన్నారు. వాడికి ఇంకా ముప్పై ఏళ్ళు నిండలేదు.

ఫోన్ పెట్టేసి మిగిలిన బెండకాయలు కోశాను. ఎందుకు కోశానో ఇప్పటికీ తెలియదు. ఇంటామె వచ్చి నా చేతిలో కత్తి తీసుకునే దాకా కోస్తూనే ఉన్నాను.

నేను అయిదో తరగతి దాకే చదివాను. ఇక్కడి మన తెలుగువాళ్ళు వేసే పుస్తకంలో, పోయినవాళ్ళ గురించి వాళ్ళ ఇంటివాళ్ళే రాయాలని అడిగారు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నా కొడుకు గొప్పవాడేమీ కాదు. బండ్లకు సామాను బిగించేవాడు. వాడు బిగించిన ఒక చిన్న వస్తువు గురించి చెప్తాను. అందులోనే నా కొడుకు ఉన్నాడు.

అల్ రయ్యాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తున్నాను. వంట, గిన్నెలు, మంచంలో ఉన్న ముసలమ్మకు సేవ. ఇంటాయనను బాబా అని పిలవాలి, ఇంటామెను మామా అనాలి. చెడ్డవాళ్ళు కాదు, వేళకు అన్నం పెడతారు, కసురుకోరు. కాని ముసలమ్మను విడిచి కదలడానికి లేదు. ఇంటి చుట్టూ మనిషికి రెండింతల ఎత్తు గోడ, ఒక ఇనుప గేటు. నా కొడుకు షెడ్డు ఇక్కడికి కారులో అరగంట. ఒకే ఎండలో ఉండి కూడా మొదటి ఏడాదిలో మేము రెండుసార్లే చూసుకున్నాం. మా ఊరివాళ్ళకు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. మా మరిది మాత్రం, "తల్లీకొడుకులు ఇద్దరు దుబాయ్‌లనే ఉన్నరు, మీకేం రంది" అనేవాడు.

ఈ ఇంటి వాకిట్లో ఒక పెద్ద బండి ఉండేది. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ ఉంటాయి. మోటర్‌హోమ్ అంటారు, నేను ఇంటిబండి అనేదాన్ని. చలికాలం వస్తే ఇంటిల్లిపాదీ దాంట్లో ఇసుక దిబ్బల దగ్గరికి పోయి ఉంటారు. దాని ముందర రెండు పక్కలా ఏనుగు చెవులంతేసి అద్దాలు. గేటేమో ఇరుకు. ఒకసారి తిరిగి వస్తుంటే కుడి అద్దం వీపు గేటు స్తంభానికి గీసుకుపోయింది. బాబా మొహం చిన్నబోయింది. నేను భయపడుతూనే అన్నాను, మా అబ్బాయి బండ్ల పని చేస్తాడు, అద్దాల వీపులకు తొడుగులు వేస్తాడు, పిలవనా అని. బాబా "యల్లా, పిలువు" అన్నట్టు చెయ్యి ఊపాడు.

అట్లా నా కొడుకు ఒక శుక్రవారం పొద్దున ఆ గేటు లోపలికి వచ్చాడు. నన్ను చూసి ముందు అద్దం దగ్గరికే పోయాడు, పనివాడిగా వచ్చాడు కదా. టేపు పెట్టి కొలిచాడు, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు, మళ్ళీ కొలిచాడు. "ఊరికె తెచ్చి తొడిగితె కుదరదమ్మా. బండి ఏ ఏడుదో చూడాలె, అద్దం చెయ్యి పొట్టిదా పొడుగుదా చూడాలె. గీ పక్కన చిన్న దీపం ఉన్నది సూడు, దానికి సందు ఉన్నదే తేవాలె" అన్నాడు. ఆ దీపం ఎందుకని అడిగాను. "బండి పక్క తొవ్వకు మలిగేటప్పుడు కొట్టుకుంటది. అద్దం పగిలినా ఏదో తిప్పలు పడొచ్చు గని, దీపం కప్పద్దు. మలిగేటోడు మలుగుతున్న అని చెప్పి మలగాలె గద."

వాడు ఆ మాట చెప్పే పోయాడు ఆ రోజు. తరువాత మాత్రం చెప్పకుండానే మలిగిపోయాడు.

ప్లాస్టిక్ తొడుగులకు టైం పడుతుందంటే, అందాక నేనే గుడ్డతో కుడతానన్నాను. ఊళ్ళో ఉన్నప్పుడు జాకెట్లు కుట్టేదాన్ని. మామా పాత పరదా ఒకటి ఇచ్చింది. కుడి అద్దం కొలత తీసుకుని, అద్దం చెయ్యి దూరడానికి చీలిక పెట్టి, అంచుకు ఎలాస్టిక్ వేసి రెండు కుట్టాను. మరుసటి శుక్రవారం వాడు వచ్చి కుడిదానికి తొడిగాడు, పూత పూసినట్టు పట్టింది. ఎడమదానికి తొడగబోయి ఆగిపోయాడు. చీలిక అటు పక్కన ఉంది. వాడు బండి మెట్టు మీద కూర్చుని నవ్వాడు చూడండి.

"అమ్మా, జాకెట్టుకు రెండు కుడి చేతులే కుట్టినవ్!"

"నవ్వకు. తిరగేసి తొడుగు."

"తిరగేస్తె అస్తరు బయటికొస్తది. బాబా లోపలంగి మీద తిరిగినట్టుంటది బండి."

ముసలమ్మ మంచంలోంచే కిటికీ వైపు తిరిగి ఎవరు నవ్వుతున్నారని అడిగింది. ఈ వాకిట్లో తెలుగు నవ్వు వినబడడం అదే మొదలు.

ఆ వారం దుమ్ముగాలి కొట్టింది. గుడ్డ లోపలికి ఇసుక చేరి, గాలికి ఊగి ఊగి అద్దాన్ని గరగరా గీకింది. తీసి చూస్తే అద్దం మీద సన్నని గీతలు. నేను ఏడ్చినంత పని చేశాను. వాడు అద్దం మీద వేలు రాసి చూసి, "బయటి ఇసుక తగిలి పోతదమ్మా. లోపట చిక్కుకున్నదే గీకుతది" అన్నాడు. బాబాకు చెప్పి తప్పు తన మీద వేసుకున్నాడు.

మూడో శుక్రవారం రెండు నమూనాలు తెచ్చాడు, వెండిలా మెరిసేది ఒకటి, తెల్లది ఒకటి. బాబాకు మెరిసేది నచ్చింది. నా కొడుకు రెండూ తీసి గోడ మీద ఎండలో పెట్టాడు. నేను ఇచ్చిన చాయ్ తాగి, పప్పన్నం తిని, గిన్నె కూడా తానే కడిగి, అప్పుడు బాబాను పిలిచి "షూఫ్" అని, చెయ్యి పెట్టి చూడమన్నాడు. మెరిసేది పెనంలా కాలుతోంది. దాని వేడికి లోపలి టేపు వదిలేస్తుందని హిందీలో చెప్పాడు. బాబా వేలు ఊదుకుంటూ తెల్లదాన్ని చూపించాడు.

నాలుగో శుక్రవారం కుడి అద్దానికి బిగించాడు. నన్నే సాయం పట్టమన్నాడు. ముందు సబ్బునీళ్ళు, తరువాత స్పిరిట్ గుడ్డ. "ఇగ వేలు పెట్టకు, నీ చేతికి నూనె ఉంటది" అన్నాడు. మామా జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి టేపును వెచ్చజేశాడు. పైఅంచు ముందు ఆనించి, కిందికి వాల్చి, కొక్కెం టక్కుమనే దాకా ఒత్తాడు. "గట్టిగ పట్టుకోని నూరు దాక లెక్కపెట్టు."

నేను గబగబా లెక్కపెట్టాను.

"ఏంది, బస్సు పోతుందా నీకు? మెల్లగ పెట్టు."

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. తొడుగు మీద నా చేతుల పక్కనే వాడి చేతులు. ఆ నూరు అంకెలు నాకిప్పటికీ చాలవు. తరువాత వాడు వేలి కణుపుతో తొడుగును రెండుసార్లు తట్టి "ఇగ ఉండు" అన్నాడు. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. తలుపు గడియ బాగుచేసినా, సైకిలు గొలుసు వేసినా, అట్లానే తట్టేవాడు. "ఒక రోజు బండి కదిలియ్యద్దని చెప్పు. టేపు పట్టాలె" అన్నాడు.

ఎడమది ఇంకా రాలేదన్నాడు. ఆ తరువాత రెండు శుక్రవారాలు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఎడమ అద్దం కొలిచి, "వస్తున్నది బాబా, రాస్తాలో ఉన్నది" అని చెప్పి, నా దగ్గర అన్నం తిని పోయాడు. ఆ పై శుక్రవారం రాలేదు. ఆ లోపలే బెండకాయల రోజు వచ్చింది.

వాడిని పెట్టెలో పెట్టి ఊరికి పంపారు. నేను పోలేదు. నా పాస్‌పోర్ట్ కొత్తది చేయించడానికి ఇచ్చి ఉంది, అది చేతికొచ్చేదాకా ఆపమని నేను అడగలేకపోయాను. ఊళ్ళో కోడలు చిన్నపిల్లను చంకలో వేసుకుని ఎదురుచూస్తోంది కదా. నిర్మల్ అతనే తోడు పోయి వచ్చాడు. నేను ఈ గోడల మధ్యనే తిరిగాను, వంటింటి నుంచి ముసలమ్మ గదికి, ముసలమ్మ గది నుంచి వంటింటికి. ఏడవడానికి బండి వెనక్కి పోయేదాన్ని.

పదకొండో రోజు పిట్టకు పెట్టారు. మా మరిది వీడియోలో చూపించాడు. విస్తరిలో అన్నం, వాడికిష్టమైన కోడికూర, ఒక సిగరెట్టు కూడా పెట్టారు, తాగుతాడని నాకు అప్పుడే తెలిసింది. కాకి గోడ మీద కూర్చుంది. దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందని మావాళ్ళ నమ్మకం.

"బిడ్డను మంచిగ సదివిస్తం, రా" అన్నాడు మా మరిది. కాకి కదలలేదు. "నేను పిల్లను తీస్కోని ఎటు పోను, ఇక్కడ్నే ఉంట" అని కోడలు ఏడ్చుకుంటూ చెప్పింది. కాకి మెడ తిప్పుకుంది. ఎండ ఎక్కుతోంది. "వదినా, ఏందో మనసుల పెట్టుకుండు. దుబాయ్‌ల నీతోని ఏమన్న అన్నడా?" అన్నాడు మరిది.

నా నోట్లోంచి అదే వచ్చింది. "బిడ్డా, ఎడమ అద్దానికి తొడుగు నేను తొడుగుత. నువ్వు రంది పెట్టుకోకు."

అక్కడున్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి కాకి దిగి రెండు మెతుకులు తిన్నది. దానికి ఆకలి అయిందేమో. నేను మాత్రం మాటిచ్చాను.

మాటైతే ఇచ్చాను గాని తొడుగెక్కడుంది? అదే వారం బాబా, బండి అమ్మేశానని, శుక్రవారం సాయంత్రం అసరు నమాజు వేళకు కొన్నాయన వచ్చి తీసుకుపోతాడని చెప్పాడు. బండి ఆ గేటు దాటితే ఈ భూమి మీద నేనెక్కడని వెతకాలి? నిర్మల్ అతనికి ఫోన్ చేసి, ఎడమ తొడుగు ఏ దుకాణంలో తెప్పించమని చెప్పాడో కనుక్కో, ఎక్కడున్నా తెప్పించు అన్నాను.

"చిన్నమ్మా, అది ఎక్కడ్నో లేదు. వాని మంచం కింద పెట్టెల ఉన్నది. రెండు ఒక్కనాడే తెచ్చిండు."

"మరి రాలేదన్నడు గద?"

"జత పని అరగంట చిన్నమ్మా. కొలిచి, తెచ్చి, బిగిస్తె అయిపాయె. వాడు నీ దగ్గర ఎన్ని శుక్రారాలు చేసిండు? మేమందరం నవ్వుతుంటిమి. ఎడమది బిగిస్తె ఇగ ఏం సాకు పెట్టుకోని పోవాల్రా అనేటోడు."

నేను వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. కొలిచిందే కొలవడం, ఎండలో పెట్టి చాయ్ తాగడం, నన్ను మెల్లగా లెక్కపెట్టమనడం, అన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందుకొచ్చాయి. బాబాకు చెప్పింది అబద్ధమే. ఆ అబద్ధం మీదనే నేను నెలన్నర బతికాను.

శుక్రవారం పొద్దున నిర్మల్ అతను తొడుగు తెచ్చాడు. వాడి పాత బనీనులో చుట్టి ఉంది. "నేను బిగిస్త, ఇటియ్యి" అన్నాడు. మాటిచ్చింది నేనన్నాను. పీట వేసుకుని ఎక్కాను. సబ్బునీళ్ళు, స్పిరిట్ గుడ్డ, వేడి గాలి. దీపం సందు సరిగ్గా దీపం మీదికి వచ్చిందా లేదా అని మూడుసార్లు చూశాను. పైఅంచు ఆనించి కిందికి ఒత్తాను, కొక్కెం టక్కుమంది. నూరు దాకా మెల్లగా లెక్కపెట్టాను. నూరు అయ్యాక కూడా చేతులు తీయలేకపోయాను. తీస్తే వాడి పని అయిపోతుంది. వాడు ఎందుకు దాచిపెట్టుకున్నాడో నాకప్పుడు ఇంకా బాగా తెలిసింది. నిర్మల్ అతను, "చిన్నమ్మా, పట్టింది, వదులు" అన్నాడు. వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను. "ఇగ ఉండు" అని మాత్రం అనలేకపోయాను.

అసరు వేళకు కొన్నాయన వచ్చాడు, తాళం చేతిలో తిప్పుకుంటూ. టేపు పట్టేదాకా ఒక రోజు బండి కదలకూడదు కదా, నేను పోయి బండి ముందు నిలబడ్డాను. "బాబా, ఆజ్ మాఫీ. బుక్రా" అన్నాను, ఈ రోజు వద్దు, రేపు. ఈ ఇంట్లో నేను ఏదైనా అడగడం అదే మొదటిసారి. కొడుకు పోయిన రోజు కూడా అడగలేదు. కొన్నాయన విసుక్కున్నాడు. బాబా ఎడమ అద్దం వైపు చూశాడు, తరువాత కుడి అద్దం వైపు, తరువాత నా వైపు. ఆయనకు ఏం అర్థమైందో నాకు తెలియదు. కొన్నాయన భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిపించుకుపోయి, రేపు రమ్మని పంపేశాడు.

ఇప్పుడు నా పాస్‌పోర్ట్ వచ్చింది, పెట్టెలో ఉంది. ముసలమ్మకు ఇంకో మనిషి దొరికేదాకా ఆగమన్నారు. ఆగుతున్నాను. శుక్రవారం పొద్దున మాత్రం నాకు కాలు నిలవదు. రెండు కప్పుల చాయ్ పెట్టి, ఒకటి పారబోస్తాను.

తొడుగు వేసిన మరునాడు అసరు వేళకు బండి బయలుదేరింది. గేటు రెండు రెక్కలూ తెరిచారు. కుడి పక్క జానెడు సందు, ఎడమ పక్క జానెడు సందు, ఎక్కడా తగలకుండా మెల్లగా బయటికి జారింది. నేను గేటు లోపల ఆగిపోయాను. వాడు వేసినది కుడి పక్కన, నేను వేసినది ఎడమ పక్కన, రెండూ తెల్లగా ఒక్క తీరుగానే ఉన్నాయి. వీధి చివర బండి ఆగింది. ఎడమ తొడుగు సందులో దీపం నారింజ రంగులో వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. మలుగుతున్నానని చెప్పి, మలిగింది.