పూత ఉందా?

ఏ ఆకు కంటపడినా భూషణం గారు అడిగే ప్రశ్న ఒక్కటే: "పూత ఉందా?" దీవిలో తాముండే బ్రూక్షాబాద్‌లో కూరలమ్మే మనిషిని అడిగేవారు. పెళ్ళివారి గుమ్మానికి మామిడాకులు కట్టేవాళ్ళనీ అడిగేవారు. తోటకూర కట్ట నడిబజార్లో విప్పి కాడ కాడా వెతికేవారు. పక్కన నిలబడ్డ ఆయన భార్య ప్రమీలకి ప్రతిసారీ తల కొట్టేసినట్టుండేది.

ఆయన ఎక్సైజు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఎనభై అయిదులో మత్తుమందుల చట్టం వచ్చినప్పట్నుంచీ ఈ జబ్బు పట్టుకుంది. ఆ చట్టంలో గంజాయి అంటే మొక్క చివర పూత, కాయ. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకూ గింజా ఆ పేరు కిందికి రావు. బంక తీస్తే అది చరస్. ఈ ముక్కలు ఆయన నిద్రలో కూడా అప్పజెప్పేవారు.

"ఇది గోంగూరండీ బాబూ!" అని ప్రమీల మొత్తుకునేది.

"అయితే ఏం? అడిగితే పోయేదేముంది?"

అందరికంటే ఎక్కువగా పక్కింటి యర్రమ్మ ప్రాణం తీసేవారు. ఆవిడ ఒంటి మనిషి. పాలిచ్చే ఆవొక్కటే ఆధారం. తెల్లారితే చాలు, గోడ మీంచి కేక వేసేవారు. "యర్రమ్మా, ఆవుకి పెట్టే ఆకులో పూత ఉందా? ఉంటే ఏరి పారెయ్!"

"ఏరేసినాను బాబూ, ఏరేసినాను!" అని విసుక్కునేది పాపం.

ఒకరోజు పోలీసు జీపు యర్రమ్మ గుమ్మంలో ఆగింది. ఎవరో చెప్పారట. ఎస్సై లోపల్నుంచి ఓ గుడ్డమూట పట్టుకొచ్చాడు. దాన్నిండా ఎండిన గంజాయాకు! గోడ మీంచి చూస్తున్న ప్రమీల నమ్మలేకపోయింది. యర్రమ్మేమిటి, గంజాయేమిటి?

"కేసు పడితే జైలే," అన్నాడు ఎస్సై హిందీలో.

యర్రమ్మ కూలబడిపోయింది. "ఆవుకి కడుపుబ్బితే పెడతాను బాబూ. ఉత్తరాన డిగ్లీపూర్‌నుంచి మావోళ్ళు అంపినారు. నాను జైలుకెళ్తే దాన్నెవులు సూస్తారు?"

అప్పుడు వచ్చారు భూషణం గారు, లుంగీ ఎగ్గట్టుకుని. ఆయన నిక్కచ్చితనం ప్రమీలకి తెలియందా? ఒక్క మొగ్గ కనిపించినా వదలరు. యర్రమ్మ పని అయిపోయిందనుకుంది.

"ఎస్సై సాబ్, పూత ఉందా?"

"క్యా?"

"పూత. ఫూల్. చూసి చెప్పండి."

ఎస్సై మూటని అరుగు మీద కుమ్మరించి వెతికాడు. కానిస్టేబులూ వెతికాడు. ఎస్సై కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచి వెతికాడు. అంతా ఆకే.

"ఫూల్ నహీ హై," అన్నాడు చివరికి, తన కళ్ళని తనే నమ్మలేక. "గాంజా కేస్ నహీ బన్‌తా." గంజాయి కేసు నిలవదట. ఈసారి ఆకు కూడా కనపడకూడదనీ, ఆవుని పశువుల డాక్టరుకి చూపించుకోమనీ గదమాయించి, మూట పట్టుకుని జీపెక్కాడు.

యర్రమ్మ కళ్ళు తుడుచుకుంది. "పూతంతా ఎప్పుడో పెంటలో పారేసినాను బాబూ. మీ నస పడలేక!"

ఇంటికొచ్చాక ప్రమీల నిలదీసింది. "ఆవిడ దగ్గర అదుందని మీకు ముందే తెలుసా?"

"ఇన్నేళ్ళు ఎక్సైజులో చేసి ఆ వాసన తెలీదుటే?"

"మరి ఆవిడకొక్కదానికే చెప్పొచ్చుగా! ఊరందర్నీ పీడించడం ఎందుకండీ?"

"ఆవిడొక్కదాన్నే అడిగితే వీధి వీధంతా ఆవిడ వంకే చూడదూ?"

ఇన్నేళ్ళూ తను సిగ్గుపడింది ఈ మనిషి గురించా అనుకుంది ప్రమీల.

మర్నాడు బజార్లో భూషణం గారు నోరు తెరిచేలోపే ఆవిడ కరివేపాకు కట్ట అందుకుని, నలుగురికీ వినపడేలా అడిగింది:

"పూత ఉందా?"