తన ఫోన్‌కి తానే తాళం

1998 చివర్లో నన్ను మూసాపేట వైపు ఉన్న ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగాలు దొరికిన పిల్లలు చాలామంది మా పరిధిలోనే గదులు కిరాయికి తీసుకునేవారు. ఫోన్ ఎప్పుడిస్తారంటూ పొద్దున్నుంచి నా ప్రాణం తోడేసేవారు. అలాంటి రోజుల్లో ఇందిర అనే అమ్మాయి వచ్చి, ఉన్న ఫోన్‌కి ఎస్టీడీ తీసేయమంది. కడప పిల్ల, మాదాపూర్‌లో ప్రోగ్రామరు.

ఎస్టీడీ అంటే వేరే ఊరి నంబరుకి నేరుగా కలుపుకునే సౌకర్యం. నాలుగు రహస్య అంకెలతో దానికి ఇంట్లోనే తాళం వేసుకోవచ్చని చెప్పాను.

"ఆ అంకెలు నాకు తెలిసే ఉంటాయి కదా మేడం! మీ దగ్గరే ఆపేయండి" అంది.

బెంగళూరులో ఒకడున్నాడట. వద్దంటాడు, మళ్లీ రమ్మంటాడు. వద్దన్నప్పుడల్లా ఈమె ఫోన్ చేసి బతిమాలుతుంది. తిండీ నిద్రా లేవు, ఆఫీసులో చివరి హెచ్చరిక కూడా ఇచ్చేశారు. పోనీ నంబరు మార్పిస్తానన్నాను. "మారిస్తే కొత్త నంబరు నేనే చెప్తా మేడం" అంది.

మా లైన్‌మన్ యాదగిరి ఊరుకునే మనిషి కాదు. "గల్లీకో ఎస్టీడీ బూత్ ఉండంగ గీ తాళమేందమ్మా?" అన్నాడు.

"బూత్‌లో వెనక జనం నిలబడుంటారన్నా. వాళ్ల ముందర ఏడవలేను."

యాదగిరి దరఖాస్తు కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

దరఖాస్తు తీసుకుని, లైన్లు కలిపే యంత్రాలుండే స్విచ్ రూముకి ఆర్డరు పంపాను. మర్నాటికి ఎస్టీడీ ఆగింది. బయటినుంచి వచ్చే ఫోన్లను మాత్రం మేం ఆపలేమని ముందే చెప్పాను.

రెండు వారాలైనా కాలేదు, మళ్లీ ప్రత్యక్షం. కళ్లు గుంటలు పడ్డాయి. అతనే ఫోన్ చేసి, మాట మధ్యలో పెట్టేశాడట. "తెరవండి మేడం, ఒక్కసారి మాట్లాడాల" అంది. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ చందాదారు స్వయంగా వచ్చి అడిగితే కాదనే అధికారం నాకు లేదు. దరఖాస్తు తీసుకుని, ఆర్డరు రేపటికి గానీ వెళ్లదన్నాను. నిజంగానే పద్ధతి అంతే.

"రేపా!" అంటూ గోడకి చేరగిలబడింది.

గదిలో ఇంకెవరుంటారని అడిగాను. స్వర్ణ అనే స్నేహితురాలట, ఆమెకి ఈ సంగతులేవీ తెలియవట. "ఇవాళ చెప్పు తల్లీ. ఒక్కదానివే కూర్చోకు" అని పంపేశాను. పంపానే గానీ అన్నం సహించలేదు. పిల్ల ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని ఒకటే బెంగ. సాయంత్రం లైను చూసే నెపంతో యాదగిరిని ఆ ఇంటికి పంపాను.

"ఇద్దరు కూసొని మాట్లాడుతున్నరు మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు తిరిగొచ్చి.

పొద్దున్నే స్వర్ణని వెంటబెట్టుకుని వచ్చి, ఇందిర ఆ తెరవమన్న దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

అంతటితో బాగుపడిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఒకసారి నిజంగానే తెరిపించుకుంది. అతనితో మాట్లాడి, ఆఫీసు ఎగ్గొట్టి మంచం పట్టి, లేచాక తనే వచ్చి మళ్లీ ఆపించింది. ఉద్యోగం ఉందా అని భయపడుతూనే అడిగాను. ఉందట, స్వర్ణ వెళ్లి మేనేజరుతో మాట్లాడిందట.

ఏడాది తిరిగాక మళ్లీ వచ్చి, కడపలో ఇంటివాళ్లతో మాట్లాడుకోవడానికి ఎస్టీడీ తెరవమంది. అడగకూడదు, అయినా ఉండబట్టలేక ఆ బెంగళూరు నంబరు గుర్తుందా అన్నాను.

"గుర్తుంది మేడం. కానీ ఇప్పుడు మా ఆఫీసులోనే ఇంకొకతను ఉన్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేస్తానన్నాడు, చేయలేదు."

"ఏం చేశావ్?" అన్నాను.

"అన్నం తిని పడుకున్నా మేడం. సోమవారం అడిగితే జ్వరమొచ్చిందన్నాడు."

దరఖాస్తు మీద సంతకం పెట్టాను.

తర్వాతి సర్వీసులో మరికొందరు వచ్చి తమ ఫోన్‌కి తామే తాళం అడిగారు. ఎందుకని నేనెవరినీ అడగలేదు. ఇంట్లో తోడు ఎవరున్నారని మాత్రం అడిగేదాన్ని.